ఎవరి తాళం వాళ్ళే

"మావాడు చేశాడా, చెయ్యలేదా? నాలుగింటిలోపు చెప్పమ్మా. ఆ తరవాత చెప్పినా నాకు పనికిరాదు."

పెద్దమేస్త్రి భార్య ఈ మాట అనేటప్పటికి ఆస్పత్రి గోడ గడియారంలో పన్నెండూ పదయింది. ఎదురు కుర్చీలో ఉన్న డిటెక్టివ్ తన చేతి గడియారం కూడా చూసుకుంది. రెండింటికీ రెండు నిమిషాల తేడా. ఆ తేడా కూడా నోటు పుస్తకంలో ఎక్కించింది. అదీ ఆవిడ వరస! పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు చేసి, పైవాళ్ళతో పొసగక బయటికొచ్చి, సొంత ఆఫీసు తెరుచుకున్న మనిషి. ఏ పనైనా అంగుళం అంగుళం కొలిచి చేస్తుందని అక్కడున్నప్పుడే ఎవడో వెక్కిరింతగా 'నిదానమ్మ' అని పేరు పెట్టాడు. ఆవిడ తేల్చిన కేసుల్లో ఒక్కటీ కోర్టులో వీగిపోకపోయేసరికి, వెక్కిరించిన నోళ్ళే ఆ పేరును గౌరవంగా పలకడం మొదలెట్టాయి.

అది ఐసీయూ పక్కన బంధువుల కోసం కేటాయించిన గది. అద్దం తలుపు అవతల మూడో మంచం మీద పెద్దమేస్త్రి ఉన్నాడు. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన చేతులు దుప్పటి మీద చలనం లేకుండా పడి ఉన్నాయి. లిఫ్టు తన మీదికి దిగి తలకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి పదకొండు రోజులుగా వెంటిలేటరే ఆయనకు ఊపిరి పోస్తోంది. రెండు డాక్టర్ల బృందాలు విడివిడిగా పరీక్షలు చేసి, ఇక తేరుకోడని రాసిచ్చాయి.

భార్య చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. మూడేళ్ళ కిందట ఆయన స్వహస్తాలతో రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించిన కాగితం. "నన్ను యంత్రం మాత్రమే నడిపే రోజు వస్తే ఆపించండి. ఎప్పుడన్నది మా ఆవిడ చెబుతుంది. పిల్లలు అడ్డు రాకూడదు." అంతే. మూడు వాక్యాలు.

"ఇవాళ నాలుగింటికని నేనే చెప్పాను," అంది ఆవిడ. "ఇన్‌స్పెక్టరుగారేమో, ఊపిరి ఆగిన మరుక్షణం ఇది హత్య కేసు అవుతుంది, మీ అబ్బాయిని అక్కడికక్కడే తీసుకుపోతాను అంటున్నాడు."

"వాయిదా వేస్తే, పెద్దమ్మా? రెండు రోజులు."

"కేసు తేలాక ఆపమని ఆయన రాయలేదు కదమ్మా. నా మీద నమ్మకంతో నా నెత్తిన పెట్టాడు. ఆయన మాటా తప్పను, కొడుకునీ వదులుకోను. నాలుగింటికి నా కొడుకు చేతికి సంకెళ్ళుండకూడదు. వాళ్ళ నాన్న చెయ్యి ఉండాలి."

నిదానమ్మ తల వంచి రాసుకున్నట్టు నటించింది. నిజానికి ఏమీ రాయలేదు. ఇన్నేళ్ళలో ఎంతోమంది తల్లుల్ని చూసింది, గుండెలు బాదుకునేవాళ్ళని, శాపనార్థాలు పెట్టేవాళ్ళని. ఇంత సూటిగా పని అప్పగించిన తల్లి ఇదే మొదలు. ఈవిడ ముందు తప్పు చేయకూడదని ఆమెకు గట్టిగా అనిపించింది.

"అబ్బాయిని పిలవండి."

చిన్నమేస్త్రికి ముప్ఫై ఏళ్ళుంటాయి. తండ్రి దగ్గరే పని నేర్చుకుని తండ్రితోనే తిరుగుతున్నవాడు. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆ రోజు సంగతి టైములతో సహా చెప్పు."

"పదింటికి వెళ్ళాం మేడమ్. ఎనిమిది అంతస్తుల ఆఫీసు బిల్డింగు. పదీ ఐదుకి నాన్న వాచ్‌మన్ దగ్గర మెషిన్ రూమ్ తాళంచెవి తీసుకుని, పనిసంచి భుజాన వేసుకుని పైకెళ్ళాడు. మెయిన్ ఆపి, తాళం వేసి, సెల్లార్‌కి దిగేసరికి పదీ ఇరవై. వెంటనే గుంటలోకి దిగాడు."

"గుంటంటే?"

"లిఫ్టు దారికి అడుగున గొయ్యి ఉంటుంది. సెల్లార్ వైపు దానికో చిన్న తలుపు. గుంటలో స్టాప్ స్విచ్ ఒకటుంటుంది, నొక్కితే లిఫ్టు కదలదు. అది పాడై నాలుగు నెలలైంది. నాన్న మేనేజర్‌కి రెండుసార్లు రాసిచ్చాడు. అది మార్చడానికే వెళ్ళాం."

"మెయిన్‌కి తాళమెందుకు?"

వాడు మొదటిసారి తలెత్తాడు. పని మాట వస్తే మనిషిలో ప్రాణం వచ్చినట్టుంది. "మేం లోపలుండగా ఎవరూ కరెంటు ఇవ్వకుండా మేడమ్. స్విచ్ ఆపి దాని పిడికి తాళం వేస్తాం. ఎంతమంది పని చేస్తుంటే అన్ని తాళాలు. ఎవరి తాళం వాళ్ళే వెయ్యాలి, వాళ్ళే తియ్యాలి. ఒక్కోదానికి ఒక్కటే చెవి. నాన్నది ఎర్ర తాళం, నాది నీలం. ఈ విషయంలో నాన్న కన్నకొడుకుని కూడా చూడడు. వేరేవాళ్ళ తాళం ముట్టుకున్నందుకు ఒకణ్ణి పనిలోంచే తీసేశాడు."

"నీ నీలం తాళం వేశావా?"

చిన్నమేస్త్రి అద్దం వైపు చూశాడు.

"లేదు మేడమ్. 'పద, నీది కూడా వేద్దువుగాని' అన్నాడు నాన్న. లిఫ్టేమో ఆపాలి, ఎనిమిది అంతస్తులు దిగాలంటే మెట్లే గతి. బద్ధకమేసింది. 'నువ్వు పద, వెనకే వస్తా' అని సెల్లార్‌లో తీగ కొలుస్తూ కూర్చున్నా. కిందికొచ్చాక తిడతాడనుకున్నా. అసలు అడగనే లేదు. వేసే ఉంటానని నమ్మాడు. పదీ నలభై ఒకటికి లిఫ్టు కదిలిన చప్పుడు. నేను తలుపు దగ్గరికి వెళ్ళేలోపే అయిపోయింది. నా తాళం ఉండుంటే కదిలేదా? ఇన్‌స్పెక్టరుగారు ఏం కేసు పెట్టుకున్నా నేను మాట్లాడను."

"ఆ తాళం ఇప్పుడెక్కడుంది?"

"సంచిలో ఉండాలి. లేదు. ఇంట్లోనూ లేదు. నేనే దాచేశానంటాడు ఆయన."

"రెండో రోజే మెషిన్ తీసేయమని డాక్టర్లని అడిగావట?"

"నాన్న కాగితం ఉంది కదా మేడమ్. అలా చూడలేకపోయాను."

కిటికీ దగ్గర నిలబడ్డ కూతురు గిర్రున తిరిగింది. పెళ్ళై వేరే ఉంటున్న అక్క ఆమె, తమ్ముడి కంటే ఐదేళ్ళు పెద్దది. "చూడలేకపోతే కళ్ళు మూసుకోరా! ఇంకో పది రోజులు ఆగితే ఏం కొంప మునుగుతుంది? పది రోజులే కదా అడుగుతున్నా!"

వారం కాదు, పక్షం కాదు, పది. నిదానమ్మ ఆ అంకె రాసుకుని కింద గీత గీసింది. ఆ తరవాత ఆస్పత్రివాళ్ళు భార్యకు అప్పగించిన ప్లాస్టిక్ కవరు అడిగి తీసుకుంది. అందులో కళ్ళజోడు, కొలత టేపు, ఒకే దారానికి కట్టిన రెండు తాళంచెవులు ఉన్నాయి. పెద్దది మెషిన్ రూముది, చిన్నది ఎర్ర తాళానిది. తీసుకున్నట్టు సంతకం పెట్టి మరీ బయల్దేరింది.

ఒకటీ నలభైకి ఆవిడ ఎనిమిదో అంతస్తు పైన మెషిన్ రూము ముందు నిలబడి ఉంది. వెనకాల వాచ్‌మన్ రొప్పుతున్నాడు. తలుపు మీద ఒక నోటీసు అంటించి ఉంది. 'నేటికి పన్నెండో రోజు నుండి పాత లిఫ్టు, మెషిన్ రూము సామగ్రి తొలగించబడును. పది రోజులు మెట్లు వాడగలరు.' కింద బిల్డింగు మేనేజర్ సంతకం, తేదీ. నిదానమ్మ తేదీ రెండుసార్లు చదివింది. సరిగ్గా ప్రమాదం జరిగిన రోజు! ఆ లెక్కన పని మొదలయ్యేది రేపే. ఒక మనిషి తల పగిలి ఆస్పత్రికి చేరిన రోజున ఈ మేనేజర్ కూర్చుని నోటీసు రాశాడన్నమాట.

"రండి మేడమ్, రండి. మెట్లు నిదానంగానే ఎక్కారా?"

లోపల ఇన్‌స్పెక్టరు నవ్వుతున్నాడు. ఒకప్పుడు ఆవిడ కిందే పని నేర్చుకున్నాడు. ఓపిక తప్ప అన్నీ నేర్చుకున్నాడని ఆవిడ అంటుంది.

"నువ్వు గబగబా ఎక్కి ఏం కనిపెట్టావో చెప్పు."

"కనిపెట్టడానికి ఏముంది?" వేళ్ళు మడిచాడు. "ఎర్ర తాళం ఆ రోజు ఇదిగో ఈ మేకుకి తెరిచి వేలాడుతూ దొరికింది. పగలగొట్టలేదు, చెవితో తీశారు. దాని చెవి ముసలాయన జేబులో ఉంది. అంటే మారు చెవి ఇంకొకటుంది. అది ఎవరు చేయించగలరు? రాత్రింబవళ్ళు పక్కనుండే కొడుకు. సెల్లార్‌లో వాణ్ణి చూసిన నాథుడు లేడు. వాడి తాళం మాయం. పైగా తండ్రి ఊపిరి ఆపమని వాడికే తొందర. ఇంకేం కావాలి మీకు?"

"ఈ గదిలోకి ఎలా వచ్చాడు?"

"తలుపు తీసి ఉంటుంది."

నిదానమ్మ తలుపు బార్లా తెరిచి వదిలేసింది. అది దానంతట అదే వచ్చి టక్కుమని పడింది. బయటినుంచి తాళంచెవి లేనిదే రాదు. "ఒక చెవి పదీ ఐదు నుంచి పెద్దమేస్త్రి దగ్గరే ఉంది. రెండోది?" అని వాచ్‌మన్ని అడిగింది.

"మేనేజర్‌గారి సొరుగులో ఉంటదమ్మా. ఇంకెవరికీ ఇయ్యరు."

"కొడుకు తలుపుకి ఏదో అడ్డం పెట్టుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో బింకం కాస్త సడలింది.

ఆవిడ టార్చి వేసి మెయిన్ స్విచ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిడికి వేసిన పసుపు రంగు మీద, తాళం దూర్చే చిల్లి పక్కన, ఎదురెదురుగా రెండు చిన్న నొక్కులున్నాయి. ఏదో పెద్ద పట్టకారు కొరికిన గాట్లు. అడుగున లోహం ఇంకా మెరుస్తోంది. ఆ పక్క చిల్లి దగ్గరా అలాంటివే మరో రెండు. వాటి మధ్య దూరం కొలిచి రాసుకుంది. ఒక్క తాళం కోయడానికి రెండు చోట్ల కొరకడమెందుకు?

"మొదటిసారి జారి ఉంటుంది లెండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు పక్కన వంగి. అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "ఆగండాగండి. తాళం కోసింది కాదు కదా. తెరిచి ఉంది కదా!"

"నువ్వు స్వాధీనం చేసుకున్న తాళం తెచ్చావా?"

తెచ్చాడు. సీలు వేసిన కవరులో ఉంది.

"పెద్దమేస్త్రి చెవి అందులో పెట్టి చూశావా?"

"దేనికి మేడమ్? తెరిచే ఉన్నదాన్ని మళ్ళీ తెరిచేదేముంది?"

"పప్పులో కాలేశావు నాయనా. ఇదిగో చెవి. సాక్షిగా వాచ్‌మన్ ఉన్నాడు. నీ చేత్తోనే తిప్పు."

ఇన్‌స్పెక్టరు సీలు విప్పాడు, చెవి దూర్చాడు. సగంలో ఆగింది. తిప్పాడు. కదల్లేదు. తీసి, తుడిచి, మళ్ళీ దూర్చాడు.

"ఇది ఆయన తాళం కాదు," అన్నాడు నెమ్మదిగా.

"కాదు. ఆయనది ఎవరో కోసేశారు. కోసిన తాళం కనిపిస్తే గుట్టు రట్టవుతుందని, అలాంటిదే ఇంకోటి తెచ్చి తెరిచి తగిలించారు, మేస్త్రి చేతులారా తీసుకున్నట్టు. ఏమయ్యా, ఇలాంటి ఎర్ర తాళాలు ఈ బిల్డింగులో ఉన్నాయా?"

"స్టోరు గదిలో అరడజను ఉంటాయమ్మా," అన్నాడు వాచ్‌మన్. "దానికీ మేనేజర్‌గారి దగ్గరే చెవి."

ఇన్‌స్పెక్టరు తలుపు మీది నోటీసు వైపు చూశాడు. మనిషి తొందరపాటువాడే గానీ మొండివాడు కాదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూసి నిదానమ్మకు వాడి మీద పాత అభిమానం కాస్త తిరిగొచ్చింది.

మూడూ ఇరవైకి ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. సంగతంతా విన్నాక చిన్నమేస్త్రి మొహంలో ఏ తేడా రాలేదు.

"వినబడిందా?" అంది నిదానమ్మ. "ఒకటి కోసినవాడికి రెండోది కోయడం ఎంతసేపు? నీ తాళం వేసినా అంతే జరిగేది."

"ఏమో మేడమ్. రెండు తాళాలు కనిపిస్తే, లోపల మనుషులున్నారని ఆగేవాడేమో. ఎవరికి తెలుసు?"

నిదానమ్మ నోటు పుస్తకంలో గీత గీసిన అంకె చూసుకుంది. కూతురి వైపు తిరిగింది. "పది రోజులు ఆగమని నీకు చెప్పిందెవరమ్మా?"

"మేనేజర్‌గారు. రోజూ నాలుగింటికి అందరికీ కాఫీ తెస్తారు. అమ్మ మాట విని తొందరపడొద్దు, పది రోజులు చూడండి, అద్భుతాలు జరుగుతుంటాయి అని..." చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమైపోయింది. కుర్చీలో కూలబడింది. "ఆ లిఫ్టు పీకేసేదాకా నాన్నని ఇలా ఉంచడానికా?"

"పోతే శవపరీక్ష, విచారణ, మెషిన్ రూముకి సీలు. బతికున్నన్నాళ్ళూ ఇదొక ప్రమాదం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెంటనే భార్య వైపు వంగాడు. "అమ్మగారూ, ఒక్కటే కోరిక. రేపటిదాకా మెషిన్ తియ్యకండి. వాడికి అనుమానం రాకూడదు. వస్తే కోసిన తాళాలు, కట్టరు ఏ కాలవలోనో పారేస్తాడు. ఒక్క రాత్రి చాలు నాకు."

"వద్దు," అంది నిదానమ్మ.

"మేడమ్, మీరు మధ్యలో రాకండి! దోషి చేజారిపోతే ఎవరు జవాబు చెబుతారు?"

"నేను చెబుతాను. ఆయన్ని పది రోజులు అడ్డం పెట్టుకుందామనుకున్నాడు వాడు. నువ్వు ఒక రోజు అంటున్నావు. అంకె తప్ప తేడా ఏముంది?"

ఇన్‌స్పెక్టరు అరికాలి మంట నెత్తికెక్కి నోరు తెరవబోయాడు. పెద్దమేస్త్రి భార్య చెయ్యెత్తి ఆపింది.

"బాబూ, దొంగను పట్టుకోవడం నీ పని. నా పని నాలుగింటికి." లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నువ్వు మాత్రం ఆ తలుపు దగ్గర కనపడకుండా ఉండు. నువ్వు కూడా అమ్మా," అంది నిదానమ్మ వైపు తిరిగి.

మూడూ యాభై ఐదుకి కాఫీ ఫ్లాస్కుతో మేనేజర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. గది ఖాళీగా ఉంది. అద్దం అవతల మంచం చుట్టూ అందరూ చేరడం చూసి గాభరాగా తలుపు తోశాడు.

"ఏంటమ్మా ఇది? ఆగమన్నాను కదా!"

"రా నాయనా, రా," అంది ఆవిడ. తెర వెనకనున్న నిదానమ్మకు ఆ గొంతులో కోపం జాడ కూడా వినిపించలేదు. "నీ కోసమే చూస్తున్నాం. కుడిచెయ్యి మావాడు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. పదకొండు రోజులు మాతోపాటే ఉన్నావు. నువ్వు పట్టుకో."

డాక్టరు మంచం తలవైపున నిలబడి ఉన్నాడు. నొప్పి తెలియకుండా మందు ఎక్కిస్తున్న నర్సు చెయ్యి ఆగింది. మేనేజర్ రెండడుగులు వేశాడు. దుప్పటి మీదున్న చేతి వైపు వేళ్ళు చాచాడు. నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"పట్టుకో నాయనా. ఆయనకేం తెలియదులే."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నిదానమ్మ ఇలాంటి ఇంటరాగేషన్ చూడలేదు. ఒక్క ప్రశ్న లేదు. మేనేజర్ మంచం కమ్మీ పట్టుకుని నేలమీద కూలిపోయాడు.

"మా కంపెనీ ఛైర్మన్‌గారు కింద నిలబడి కేకలేస్తున్నారమ్మా! మీటింగుకి టైమైపోయింది, లిఫ్టు లేదా అని. పైకెళ్ళి చూస్తే గదిలో ఎవరూ లేరు. పని అయిపోయి మరిచిపోయారనుకున్నా. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా, నాకే తెలీదు. రెండూ కోసేశాను. మెయిన్ వేశాను. కింద ఆయన బటన్ నొక్కారు..."

ఇన్‌స్పెక్టరు తెర పక్కకు లాగబోయాడు. నిదానమ్మ వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"రెండూ ఏమిటి?" చిన్నమేస్త్రి గొంతు అది. "రెండేమిటి? నాన్నది ఒక్కటే కదా ఉంది?"

"రెండు, బాబూ. ఎర్రదీ, నీలందీ. పక్కపక్కనే. నా కారు డిక్కీలో ఉన్నాయి, పారేయడానికి చేతులు రాలేదు."

"నీలంది నేను వెయ్యలేదు! ప్రమాణంగా చెబుతున్నా, నేను పైకే ఎక్కలేదు!"

వెంటిలేటరు ఒక్కటే ఊపిరి తీసి వదులుతోంది. పెద్దమేస్త్రి భార్య భర్త మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడుస్తోందనుకున్నారు అందరూ. కాదు, ఏడుస్తూనే నవ్వుతోంది.

"నువ్వు ఎక్కవని ఆయనకి తెలుసురా," అంది. "సంచి ఆయన భుజాన్నే కదా ఉంది. నీది కూడా ఆయనే వేసి వచ్చాడు. ఊరందరికీ రూలు పెట్టిన మనిషి, నీ దగ్గరికొచ్చేసరికి తప్పాడు. అందుకే కిందికొచ్చి నిన్ను అడగలేదు."

చిన్నమేస్త్రి తండ్రి అరచేతిలో మొహం పెట్టుకుని, పదకొండు రోజులుగా ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. అక్క వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఖాళీగా ఉన్న ఎడమచేతిని తనే అందుకుంది.

వాళ్ళిద్దరూ సర్దుకునేదాకా ఆగి, తల్లి డాక్టరు వైపు తిరిగింది.

"ఇప్పుడు కానివ్వండి బాబూ," అంది. "ఆయన పిల్లలిద్దరూ ఇక్కడే ఉన్నారు."